‘పడితిని’ కాస్తా ‘పాడితిని’ అయింది

ఉప్పల్ దగ్గర ఉంటున్న 36 ఏళ్ల పాఠకురాలు పంపిన ఉత్తరం ఆరు పేజీలుంది. దాని సారాంశం ఇది. తాతగారి కాలం నుంచి క్రైస్తవ కుటుంబం. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) చర్చి క్వయర్‌లో పాడతారు, ఆ సంఘపు ఆడవాళ్ల బృందమైన స్త్రీల మైత్రిలో చురుగ్గా ఉంటారు. మాదాపూర్‌లో ఒక కంపెనీలో పేరోల్ పని. రెండేళ్ల క్రితం ఏడో నెలలో బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత నుంచి పాటలు రాస్తున్నారు. ఇప్పటికి పదకొండు అయ్యాయి. అందులో ఒకటి రికార్డు చేయించి యూట్యూబ్‌లో పెట్టాలని ఆశ. ఆ పాట ఆడియోనూ సాహిత్యాన్నీ ఉత్తరంతో పాటు పంపారు.

పాట విని పాస్టరు అయ్యగారు, ‘వాక్యానుసారంగానే ఉందమ్మా, కానీ సంఘం పాడలేకపోతోంది’ అన్నారట. క్వయర్‌లో ఒక పెద్దాయన ‘పల్లవి ఏదో పాత సినిమా పాటలా ఉంది’ అన్నారు. కీబోర్డు వాయించే బ్రదర్ మాత్రం ‘అందరూ చేసేదే, రిథమ్ మారుస్తాం కదా, ఏం కాదు’ అంటున్నాడు. తానే మ్యూజిక్ చేసి, పేరున్న గాయనితో పాడించి, వీడియో తీసి తన ఛానెల్‌లో పెడతానని, అన్నీ కలిపి 85,000 రూపాయలు అవుతుందని చెప్పాడు. ఒక కాగితం కూడా ఇచ్చాడు. అందులో ‘పాటపై సర్వహక్కులు మ్యూజిక్ డైరెక్టరువే’ అని ఉంది. పాడుకున్న చిట్టీ డబ్బు చేతిలో ఉంది కానీ, అది పాప ఫీజు కోసం దాచిందని భర్త గుర్తు చేస్తున్నారు.

అసలు బాధ వేరే ఉంది. ఆఫీసులో తొమ్మిదేళ్లుగా పక్క సీటులో ఉన్న స్నేహితురాలి భర్త ఈ మధ్యే చనిపోయారు. వాళ్లు హిందువులు. పదకొండో రోజున ఈమె ఆ పాట ఆడియోను ఓదార్పుగా ఉంటుందని వాట్సాప్‌లో పంపారు. రెండో చరణంలో ‘చెవులుండియు వినని రాళ్లకు మొక్కితిని’ అని ఒక పాదం ఉంది. రెండు రోజుల తర్వాత జవాబు వచ్చింది: ‘మా ఆయన రోజూ దీపం పెట్టిన దేవుడు రాయా? నన్ను మార్చడానికి ఇదే దొరికిందా టైము?’ ఆ తర్వాత మెసేజీలకు నీలం టిక్కులే తప్ప మాట లేదు. మరిది ‘కేసు పెడితే ఏం చేస్తావు’ అని భయపెడుతున్నాడు.

ఆమె ప్రశ్నలు నాలుగు. పాటలో లోపం ఎక్కడ? ఆ కాగితం మీద సంతకం పెట్టాలా? సువార్త చెప్పమన్నది దేవుని ఆజ్ఞే కదా, మరి తను చేసింది తప్పెలా అయింది? క్రిస్మస్‌కి పాట విడుదల చేయొచ్చా?

ముందు పాట సంగతే చూద్దాం. స్నేహితురాలి గొడవ, డబ్బు గొడవ రెండూ దాన్ని పట్టుకునే వేలాడుతున్నాయి.

మీ పల్లవి ‘పడితిని లోతైన ఊబిలో, పట్టి లేపితివి నీ చేతితో’ అని మొదలవుతుంది. బైబిలు 40వ కీర్తనలోని ‘జిగటగల దొంగ ఊబి’ మీ మనసులో ఉందని తెలుస్తోంది. బాగుంది. కానీ మీ ఆడియోలో వినపడుతున్నది ‘పడితిని’ కాదు, ‘పాడితిని’. ప, డి, తి, ని నాలుగూ లఘువులు, అంటే పొట్టి అక్షరాలు. మీ ట్యూనేమో మొదటి ‘ప’ మీద రెండు దెబ్బల సేపు ఆగుతుంది. తెలుగులో హ్రస్వం సాగితే మాటే మారిపోతుంది. కల కాల అవుతుంది, మరి మారి అవుతుంది, చెర చేర అవుతుంది. మీరు ఊబిలో పడ్డానంటుంటే వెనక బెంచీలో వాళ్లకు ఊబిలో పాడానని వినిపిస్తుంది. నవ్వొచ్చే తప్పే కానీ, సంఘం పాడలేకపోవడానికి ఇదీ ఒక కారణం. అర్థం పట్టుబడని పాదం నోటికి రాదు.

దీనికి రెండు దారులున్నాయి. మాట ఉంచి ట్యూను మార్చడం ఒకటి. ‘పడితి’ అనే మూడక్షరాలనూ తాళం మొదటి దెబ్బకు ముందే చకచకా అనేసి, ‘ని’ దెబ్బ మీద పడేట్టు చేసి అక్కడ సాగదీయండి. మాట చివరి అచ్చు సాగితే తెలుగు చెవికి ఇబ్బంది లేదు. ‘పడితినీ’ అని ఎంతసేపు లాగినా అర్థం చెడదు. ఇక రెండోది, ట్యూను ఉంచి మాట మార్చడం. దెబ్బ పడే చోట సహజంగానే దీర్ఘం ఉన్న మాట పెట్టాలి. ‘కూరుకుపోతిని ఊబిలో’ అనుకోండి. కూ, పో, ఊ మూడూ గురువులే కాబట్టి ఎంత సాగినా తట్టుకుంటాయి. మీ పదకొండు పాటలకూ ఈ పరీక్ష పెట్టండి. చేత్తో తాళం వేస్తూ, రాగం లేకుండా, మాటలు మామూలుగా చదవండి. దెబ్బ ఏ అక్షరం మీద పడుతోందో దాని కింద గీత గీయండి. గీత గీసినచోట లఘువులే ఎక్కువగా కనబడితే ఆ పాదం రిపేరుకు వచ్చినట్టే.

ఇంకో చిన్న మాట. ‘లేపితివి’ అని గ్రాంథికంలో మొదలుపెట్టి మూడో చరణానికి వచ్చేసరికి ‘నువ్వే నాకు దిక్కు’ అన్నారు. పాత బైబిలు భాష అయితే చివరిదాకా అదే ఉంచండి, వాడుక భాష అయితే మొదటి నుంచీ వాడుకే రాయండి. యవ్వనస్తుల కూడికలో రెండోది నిలుస్తుంది, ఆదివారం ఆరాధనలో మొదటిదానికి అలవాటు పడ్డవాళ్లు ఎక్కువ.

ఇక సినిమా పోలిక. పెద్దాయన చెప్పింది నిజమే. అది పల్లవి మొదటి పాదంలోనే ఉంది, మూడో చరణంలో లేదు. మీ ట్యూను శివరంజని ఛాయలో నడుస్తోంది. రాగం ఎవరి సొత్తూ కాదు. మోహనలో గాంధారాన్ని ఒక్క మెట్టు దించితే శివరంజని అవుతుంది, ఆ ఐదు స్వరాల్లో ఎన్ని పాటలైనా పుడతాయి. కానీ ఆ స్వరాలు ఒక వరుసలో, ఒక నడకతో వచ్చినప్పుడు అది ఒకరి బాణీ అవుతుంది. రిథమ్ మార్చినా, స్కేలు మార్చినా ఆ వరుస మారదు. ‘ఏం కాదు’ అన్న మాట చర్చి లోపల మాత్రం కొంతవరకు నిజం. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో, నిజమైన మతపరమైన కార్యక్రమంలో పాటను ప్రదర్శించడం ఉల్లంఘన కాదనే మినహాయింపు ఉంది. అదే పాటను స్టూడియోలో రికార్డు చేసి ఛానెల్‌లో పెడితే ఆ మినహాయింపు వెంట రాదు. బాణీ కట్టినవారు పోయి 60 ఏళ్లు దాటితే తప్ప దాని మీద హక్కులు బతికే ఉంటాయి.

పరీక్ష తేలిక. నలభై దాటిన ముగ్గురి ముందు మాటలు లేకుండా పల్లవి కూనిరాగం తీయండి. వాళ్లలో ఒక్కరు సినిమా మాటలు అందుకున్నా ట్యూను మార్చాల్సిందే. గూగుల్‌లో కూనిరాగం వినిపించి పాట వెతికే వీలుంది, అదీ చూడండి. మీ అదృష్టం ఏమిటంటే ‘పడితిని’ దోషం, సినిమా పోలిక రెండూ ఒకే పాదంలో ఉన్నాయి. ఎత్తుగడను దెబ్బకు ముందుకు జరిపితే నడక ఎలాగూ మారుతుంది. అప్పుడు షడ్జమంలో (స) మొదలయ్యే చోట పంచమంలో (ప) మొదలుపెట్టి కిందికి దిగి చూడండి. ఊబిలో పడ్డ మాటకు పైనుంచి కిందికి జారే స్వరమే సరిపోతుంది కూడా.

‘సంఘం పాడలేకపోతోంది’ అన్నదానికి రెండో కారణం ట్యూను వెడల్పు. మీ ఆడియో ఏ మైనర్‌లో ఉంది. అందులో అన్నిటికంటే కింది స్వరం సి, పల్లవి రెండో పాదంలో పై ఆక్టేవ్ జి దాకా పోయింది. అంటే పన్నెండు స్వరాలు. సాధన ఉన్న మీ గొంతుకు అది బాధ లేదు. నాలుగో వరుసలో కూర్చునే అరవై ఏళ్ల అమ్మగారికి పై డి దాటితే కష్టం, మహా అయితే ఇ ఫ్లాట్. స్కేలు దించితే సరిపోదా అంటారేమో. నాలుగు మెట్లు దించి ఎఫ్ మైనర్‌లో పెడితే పై చివర ఇ ఫ్లాట్‌కు వస్తుంది నిజమే, కింది చివర ఏ ఫ్లాట్‌కు పడిపోతుంది. అక్కడ ఆడవాళ్ల గొంతు వినపడదు. కాబట్టి స్కేలు ఒక్కటే దించితే చాలదు, ఆ శిఖరాన్నీ రెండు మూడు స్వరాలు తగ్గించాలి. సంఘం పాడే పాటకు తొమ్మిది పది స్వరాల వెడల్పు చాలు. ఆ ఎత్తు మీకు మరీ ఇష్టమైతే చివరి చరణంలో, ఒక్కరే పాడే చోట ఉంచుకోండి.

ఇప్పుడు రెండో చరణం. మీకు 115వ కీర్తన ఆధారం ఉందని తెలుసు. చెవులుండియు వినవన్న మాట అందులో ఉంది, మీరు కల్పించలేదు. అయినా ఒక్క ప్రశ్న. మీరు మూడో తరం క్రైస్తవులు. రాళ్లకు మొక్కింది ఎవరు? మీరు కాదు. ‘మొక్కితిని’ అని ఉత్తమ పురుషలో రాశారు కానీ అది మీ సాక్ష్యం కాదు, వేరే సాక్ష్యాల్లోంచి అరువు తెచ్చుకున్నది. ఇలాంటి అరువు పాదాలు మన పాటల్లో కోకొల్లలు. రాసేటప్పుడు చేయి దానంతట అదే అటు పోతుంది.

మీ సొంతది మీ ఉత్తరం మూడో పేజీలో ఒక్క వాక్యంగా ఉంది. ‘ఆ రాత్రి వార్డులో నిద్ర పట్టక సెల్‌ఫోను వెలుతురులో 13వ కీర్తన చదువుతూ కూర్చున్నాను, ఏ జవాబూ రాలేదు గానీ తెల్లారేదాకా ఒంటరిగా అనిపించలేదు’ అని రాసి, వెంటనే కీబోర్డు బ్రదర్ సంగతిలోకి వెళ్లిపోయారు. పాట పుట్టింది ఆ రాత్రి. కానీ పాటలో ఆ రాత్రి జాడే లేదు. 13వ కీర్తన ‘ఎంతవరకు’ అని నాలుగుసార్లు అడుగుతుంది. మీ మాటలతోనే చరణం ఇలా ఉండొచ్చు:

ఎంతవరకని అడిగితిని
ఎవ్వరూ లేని ఆ రాత్రి
జవాబు రాలేదు గాని
జాము జాముకు తోడైతివి

ఇది వాడుకోవాలని కాదు, దారి చూపడానికే. మీరు ఇంతకంటే బాగా రాస్తారు.

ఆ రాళ్ల పాదాన్ని ఏం చేయాలన్నదానికి మూడు మార్గాలు కనబడుతున్నాయి. ఉన్నది ఉన్నట్టు ఉంచితే పాట సంఘం గోడల లోపల పాటగానే ఉండాలి. యూట్యూబ్‌కు గోడలుండవు, ఎవరైనా ఆ ఒక్క పాదాన్నే కత్తిరించి ఎక్కడికైనా పంపొచ్చు. చరణం మొత్తం తీసేస్తే పాట రెండు చరణాలతో చిన్నదవుతుంది, దానివల్ల నష్టమేమీ లేదు, కాకపోతే మధ్యలో మలుపు పోతుంది. ఇక మీ సొంత అనుభవం రాస్తే ‘వాక్యం తగ్గింది’ అని సంఘంలో ఒకరిద్దరు అనొచ్చు. 13వ కీర్తన కూడా వాక్యమే కదా. నా మొగ్గు మూడోదాని వైపు.

ఇక్కడే మీ స్నేహితురాలి దగ్గరికి రావాలి. 115వ కీర్తన తోటి విశ్వాసులు కలిసి తమలో తాము పాడుకున్న పాట. దాన్ని పదకొండో రోజున, ఇంట్లో దీపం దగ్గర భర్త ఫోటో పెట్టుకుని కూర్చున్న మనిషి ఫోనుకు పంపారు. మాట అదే, వినే చెవి మారింది. ఆమెకు అది దేవుణ్ని గురించిన మాటగా కాదు, పోయిన మనిషి పూజను గురించిన మాటగా తగిలింది. మీరు అలా అనుకోలేదు, నిజమే. కానీ ఆమె విన్నది అబద్ధమూ కాదు.

సువార్త ఆజ్ఞ సంగతి. ఆజ్ఞ ఉంది, దాన్ని కాదనక్కర్లేదు. అదే గ్రంథంలో, పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు స్నేహితులు కూడా ఉన్నారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద అతనితో కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ ఏడు రోజులూ మంచి స్నేహితులే, నోరు విప్పాకే చెడిపోయారు. ‘ఏడ్చువారితో ఏడువుడి’ అన్న పౌలు మాట తర్వాత ‘ఆపై పాట పంపుడి’ అని లేదు. పేతురు పత్రికలో సమాధానం చెప్పమన్నది ‘అడుగు ప్రతివానికిని’, అదీ ‘సాత్వికముతోను భయముతోను’. ఆమె అడగలేదు. తొమ్మిదేళ్లలో మీరు చర్చికి వెళ్తారని, పాడతారని ఆమెకు తెలియకుండా ఉండదు. అడగాలనిపిస్తే ఎవరిని అడగాలో ఆమెకు తెలుసు.

ఇప్పుడేం చేయాలి? ఇంకో మెసేజి పెట్టొచ్చు. తేలికే, కానీ దానికి జవాబిచ్చే బరువు మళ్లీ ఆమె మీదే పడుతుంది. కాలమే మాన్పుతుందని ఊరుకోవచ్చు. మీ ఇద్దరి సీట్లూ పక్కపక్కనే. ఆమె సెలవు ముగించుకుని వచ్చేసరికి ఆ మౌనం గోడలా గట్టిపడుతుంది, ‘మార్చడానికే’ అన్న అనుమానం నిజమన్నట్టూ అవుతుంది. ఇంటికి వెళ్లొచ్చు, ముందు ఫోను చేసి, రమ్మంటేనే. వద్దంటే ఆ మాట గౌరవించండి. వెళ్తే చెప్పాల్సింది చాలా తక్కువ: ‘ఆ రోజు ఆ పాట పంపడం నా తప్పు. ఆ మాట అన్నయ్యగారిని అన్నట్టు తగిలింది నీకు. క్షమించు.’ అక్కడితో ఆగిపోండి. ‘నేను ఆ ఉద్దేశంతో రాయలేదు’ అని మొదలుపెట్టారో, క్షమాపణ కాస్తా వాదన అయిపోతుంది. కీర్తన సంఖ్య అసలే ఎత్తొద్దు. ‘మీ కోసం ప్రార్థన చేస్తున్నాను’ అనేది కూడా ఈసారికి ఇంటికి వచ్చాక చేసుకోండి.

మీరు చేయగలిగిన పని ఒకటుంది, అది మీ చేతిలో విద్యే. పేరోల్ మనిషి కాబట్టి, భర్త చనిపోయాక పీఎఫ్ కాగితాలతో ఇల్లు ఎంత సతమతమవుతుందో మీకు తెలుసు. ఆయన ప్రైవేటు ఉద్యోగి అయితే పీఎఫ్ డబ్బుకు ఫారం 20, నెల పెన్షన్‌కు 10డి, ఈడీఎల్ఐ బీమాకు 5ఐఎఫ్ పెట్టాలి. ఈ మూడూ కలిపిన ఒకే దరఖాస్తు కూడా ఉంది. ఆ బీమా 7 లక్షల దాకా వస్తుందని చాలా ఇళ్లలో తెలియదు, అడగరు కూడా. నామినీ పేరు, ఆధార్‌లో పేరు, మరణ ధృవీకరణ పత్రంలో పేరు మూడూ ఒకే అక్షరాలతో లేకపోతే ఫైలు అక్కడే ఆగిపోతుంది. ముందు అదే చూడండి. ఆమె ఒప్పుకుంటేనే సుమా. సాయానికి వెనకాల మరో ఉద్దేశం కట్టొద్దు. ఫారం 20 మధ్యలో కరపత్రం పెట్టే రకం మీరు కాదని తెలుసు, అయినా ఆమెకు ఇప్పుడు అదే అనుమానం ఉంటుంది కాబట్టి చెబుతున్నాను.

మరిది గారి భయానికి రెండు మాటలు. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని అవలంబించడానికీ ప్రచారం చేయడానికీ స్వేచ్ఛ ఇచ్చింది. ప్రచారం చేసే హక్కులో ఇంకొకరిని మార్చే హక్కు లేదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. భారతీయ న్యాయ సంహిత 302వ సెక్షన్ మతభావాలను గాయపరచే మాటల గురించే, కానీ కావాలని గాయపరచే ఉద్దేశం ఉండాలంటుంది. ఓదార్పనుకుని స్నేహితురాలికి పంపిన పాటలో ఆ ఉద్దేశం చూపడం కష్టం. అలాగని ఆ ఆడియోను ఇంకెవరికీ పంపకండి. ఆఫీసు గ్రూపుల్లో, అపార్ట్‌మెంటు గ్రూపుల్లో పాటలు పెట్టే అలవాటుంటే మానేయండి. అక్కడ అడిగినవాళ్లెవరూ ఉండరు, తప్పించుకునే వీలూ ఉండదు.

ఇక 85,000. ఒక పాట మూడు ముక్కలు: సాహిత్యం, బాణీ, రికార్డింగు. సాహిత్యం మీది. దానికి సంతకమూ అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ తప్పనిసరి కాదు, రాసిన క్షణం నుంచి మీదే. రుజువుగా ఉండాలంటే 500 రూపాయల ఫీజుతో కాపీరైట్ ఆఫీసులో నమోదు చేసుకోవచ్చు. బాణీ ఎవరిదన్నది, మొదట దాన్ని ఎవరు కట్టారన్నదాన్ని బట్టి ఉంటుంది. మీరు పాడి వినిపిస్తే ఆయన కార్డ్స్ కట్టి, ఇంటర్‌లూడ్లు చేశాడని రాశారు. అంటే బాణీ మీది, అలంకరణ ఆయనది. మీరు మొదట పంపిన వాయిస్ మెసేజి తేదీతో సహా భద్రంగా ఉంచుకోండి. పల్లవి మార్చిన తర్వాత కొత్త రూపాన్నీ అలాగే పాడి దాచుకోండి. రికార్డింగు హక్కు దాన్ని పూనుకుని చేయించిన నిర్మాతది. డబ్బు పెట్టి, బాధ్యత తీసుకుని చేయిస్తున్నది మీరైతే ఆ నిర్మాత మీరే. మీ డబ్బుతో, మీ మాటలతో, మీ బాణీతో చేసిన పాట మీద ‘సర్వహక్కులు’ ఆయనకు ఎలా వెళ్తాయి? మోసం అనడం లేదు. ఇలాంటి కాగితాలు ఒకరి దగ్గర చూసి ఒకరు రాసుకుంటారు.

సంతకం పెడితే జరిగేది ఇదీ. పాట ఆయన ఛానెల్‌లో పడుతుంది, ఆపై కంటెంట్ ఐడీలో, అంటే పాట ఎవరిదో యూట్యూబ్ గుర్తుపట్టే వ్యవస్థలో, నమోదవుతుంది. వచ్చే ఏడాది మీ స్త్రీల మైత్రి అదే పాట పాడి మీ సంఘం ఛానెల్‌లో పెడితే, ఆ వీడియో మీదే క్లెయిము వస్తుంది. మీ పాట మీరు పాడుకోవడానికి ఆయన్ని అడగాలి. సంతకం పెట్టకపోతే బ్రదర్ నొచ్చుకోవచ్చు, ఆదివారం మొహం చాటేయొచ్చు, ఆ ఇబ్బంది చిన్నది కాదు. మధ్యే మార్గం, కాగితం మీరు రాయడం. చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగానే ఉండాలి. కాలం రాయకపోతే 5 ఏళ్లని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని లెక్క. సినిమాకు చెందని పాటలో రచయితకూ, బాణీ కట్టినవారికీ రావాల్సిన సమాన రాయల్టీ వాటాను రాసిచ్చేసినా చెల్లదు. కాబట్టి ఇలా రాయండి: సాహిత్యం, బాణీ, రికార్డింగు మీవి. ఆయన పేరు మ్యూజిక్ డైరెక్టరుగా ప్రతిచోటా వేయాలి. ఆయన ఛానెల్‌లో కూడా పెట్టుకోవచ్చు, కానీ కంటెంట్ ఐడీలో ఆయన నమోదు చేయకూడదు.

డబ్బు మూడు వాయిదాల్లో ఇవ్వండి: ట్రాకు విని ఒప్పుకున్నాక, గాత్రం అయ్యాక, ఫైళ్లన్నీ చేతికొచ్చాక. ఫైళ్లంటే ఎంపీ3 ఒక్కటే కాదు. 24 బిట్ వేవ్ ఫైలు, గాత్రం లేని మైనస్ ట్రాకు, విడివిడి వాద్యాల ట్రాకులు. మైనస్ లేకపోతే మీ క్వయర్ ఆ పాటను ట్రాకుతో పాడలేదు. మిక్సింగులో ఎన్నిసార్లు మార్పులు చెప్పొచ్చో ముందే రాసుకోండి, పేచీలు అక్కడే మొదలవుతాయి. పేరున్న గాయని అంటే ఆమె స్కేలుకు ట్రాకు కడతారు. తర్వాత అదే ట్రాకు మీ సంఘానికి అందదు. వీడియో సంగతంటారా, గండిపేట గట్టు మీద తెల్లచీరలో నడిచే డ్రోన్ షాటు లేకపోయినా 13వ కీర్తన పాటకు లోటేం లేదు.

నన్నడిగితే చిట్టీ డబ్బు ప్రస్తుతానికి కదిలించొద్దు. సరిచేసిన పాటను ముందు ఫోనులో పాడుకోండి. ఫ్యాను ఆపి, దుప్పట్లు, చీరలు నిండిన బీరువా తలుపులు తెరిచి వాటి ముందు నిలబడండి. ఫోను నోటికి జానెడు దూరంలో, సూటిగా కాకుండా కాస్త పక్కకు పెట్టండి. ‘ప’, ‘భ’ ల గాలి మైకు మీద పడదు. తంబూరా శృతి యాప్ వేరే ఫోనులో ఇయర్‌ఫోనుతో వినండి, లేకపోతే శృతి కూడా రికార్డయి తర్వాత దేనికీ పనికిరాదు. ఆ ఆడియో మీ స్త్రీల మైత్రిలో వినిపించి, మూడు వారాలు వాళ్లతో పాడించండి. కాగితం చూడకుండా ఏ పాదం వాళ్ల నోటికొచ్చింది, ఊపిరి ఎక్కడ తెగుతోంది, ఏ మాటను తెలియకుండానే వాళ్లు మార్చేస్తున్నారు, ఇవి రాసుకోండి. వాళ్లు మార్చిన మాట చాలాసార్లు మీ మాటకంటే బాగుంటుంది. దాన్ని తీసుకోవడానికి మొహమాటపడకండి. మూడు వారాల తర్వాత కూడా పల్లవి నిలబడితే అప్పుడు కీబోర్డు బ్రదర్‌తో ఆడియో వరకే, తబలా, ఫ్లూటు మాత్రం మనుషులతో వాయించేట్టు లెక్క అడగండి. ఆ లెక్క చూశాక పాప ఫీజు సంగతి మీరూ మీ వారూ తేల్చుకోవచ్చు.

క్రిస్మస్‌కి మాత్రం వద్దు. నవంబరు నుంచే క్వయర్‌కు క్యారల్స్ ప్రాక్టీసు మొదలవుతుంది, మీ పాట నేర్చుకునే తీరిక ఎవరికీ ఉండదు. యూట్యూబ్ కూడా ఆ నెలంతా నక్షత్రాలు, పశువుల పాకలతో నిండిపోయి ఉంటుంది. ‘ఎంతవరకు’ అని అడిగే పాట లెంటు రోజుల్లో, అంటే ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాల్లో, పాడే పాట. ఆ రోజులు మొదలయ్యే భస్మ బుధవారానికి నెల ముందు అయ్యగారికి సాహిత్యం కాగితం మీద ఇవ్వండి, రాళ్ల చరణం బదులు కొత్త చరణంతో. ఎఫ్ షార్ప్ మైనర్‌లో మొదలుపెట్టమనండి. శిఖరం రెండు స్వరాలు తగ్గిస్తే పై చివర అప్పుడు సి షార్ప్ దాటదు, నాలుగో వరుసకూ అందుతుంది.